పండుగనాటి నిద్ర

ఖిల్లా ఘణపూర్ కొండ కింద, ఊరికి పడమటి దిక్కున ఒక గేరి ఉండేది. పట్టుమని ముప్పై గుడిసెలు. అందులో సగం ఇళ్లవాళ్లు ఏసును నమ్ముకున్నారు, సగం ఇళ్లవాళ్లు ఎల్లమ్మను విడిచిపెట్టలేదు. ఎవరిని నమ్ముకున్నా నీళ్లు తోడే బావి ఒకటే, చేసే కూలి ఒకటే, తినే జొన్న గట్క ఒకటే. డిండి కట్ట పని జరుగుతున్న కాలమది. చేవ ఉన్న మగవాళ్లంతా మట్టి మోయడానికి డిండికి పోయారు. గేరిలో ఆడవాళ్లూ ముసలివాళ్లూ మిగిలారు.

ఎస్తేరమ్మ మొగుడు యోసేపు కూడా డిండిలోనే ఉన్నాడు. ఇంట్లో మిగిలింది ఎస్తేరమ్మ, మంచం పట్టిన ఆమె అత్త బాలమ్మ.

బాలమ్మ అత్తే కాదు, మేనత్త కూడా. గత్తర వచ్చిన ఏడు ఎస్తేరమ్మ తల్లీ తండ్రీ ఒకరి వెనుక ఒకరు పోతే, బాలమ్మ ఎవరినీ అడక్కుండా వెళ్లి ఆ పసిపిల్లను చంకనేసుకొని వచ్చింది. పెంచింది. వనపర్తి మిషన్ బడిలో ఉంచి మూడు తరగతులు చదివించింది. ఈడు రాగానే తన కొడుక్కే చేసుకుంది. అందుకే ఎస్తేరమ్మకు పుట్టిల్లైనా అత్తిల్లైనా ఆ గుడిసే. పండుగ వస్తే గేరిలోని ఆడవాళ్లు మూటాముల్లె సర్దుకొని తల్లిగారిళ్లకు పోతుంటే ఆమె గుమ్మంలో నిలబడి చూసేది. పోదామంటే ఆమెకంటూ ఏ ఊరూ లేదు, ఒక్క వనపర్తి తప్ప.

ఏటా క్రిస్మస్ పండుగకు చుట్టుపక్కల పల్లెల విశ్వాసులంతా వనపర్తి మిషన్ ఆవరణలో కలిసేవారు. ఒక్కో ఊరి జట్టు డప్పులు కొట్టుకుంటూ వస్తుంటే, ముందే చేరినవాళ్లు ఎదురుపోయి తీసుకొచ్చేవారు. ఆ జనంలో ఎస్తేరమ్మ వెతికేది ఒక్క ముఖం కోసమే. ఆమె విజయమ్మ. బడిలో ఉన్న రోజుల్లో ఇద్దరూ ఒకే చాప మీద పడుకున్నారు, ఒకే గిన్నెలో తిన్నారు. తరువాత విజయమ్మను నాగర్‌కర్నూల్ అవతలి పల్లెకు ఇచ్చారు. ఆమె అన్న ఏసురత్నం మిషన్ తోటలో పని చేస్తూ ఆ ఆవరణలోనే ఉంటాడు కాబట్టి, ఏడాదికొకసారి పండుగకు ఆమె అన్న దగ్గరికి వచ్చేది. ఎస్తేరమ్మ పాట ఎత్తుకుంటే విజయమ్మ అందుకునేది. వాళ్లిద్దరూ పాడుతుంటే వంటల దగ్గరి మగవాళ్లు కూడా గరిటెలు పట్టుకొనే నిలబడిపోయేవారని చెప్పుకునేవారు. పాట అయ్యాక ఇద్దరూ ఒక మూలకు చేరి, ఏడాది పొడుగునా దాచుకున్న మాటలన్నీ ఒకరికొకరు ఒప్పజెప్పుకునేవారు.

బాలమ్మకు కుడి కాలూ చెయ్యీ పడిపోయిన నాటి నుంచి ఎస్తేరమ్మకు వనపర్తి లేదు. మూడు పండుగలు అట్లాగే దాటిపోయాయి.

ఒక మనిషిని మంచం మీద బతికించడమంటే ఏమిటో ఎస్తేరమ్మకు ఈ మూడేళ్లలో తెలిసివచ్చింది. పొద్దున్నే బట్టలు మార్చి, తడిసినవి వాగులో ఉతికి తేవాలి. ఒళ్లు పుండ్లు పడకుండా ఇటొకసారి అటొకసారి తిప్పి పండుకోబెట్టాలి. గట్కను నీళ్లలాగా కలిపి, నోట్లో పోసినదాంట్లో సగం కుడి పెదవి సందు నుంచి కారిపోతుంటే కొంగుతో తుడుస్తూ, మిగిలిన సగం మింగించాలి. బాలమ్మకు మాట కూడా పోయింది. నాలుగైదు ముక్కలు మిగిలాయి. అందులో మొదటిది ‘ఎత్తే’. ఎస్తేరు అనే పేరు ఆమె నోట్లో అట్లా అయిపోయింది. పగలూ రాత్రీ లేకుండా ‘ఎత్తే, ఎత్తే’ అని పిలుస్తూనే ఉండేది. ఎస్తేరమ్మది ఎప్పుడూ కోడికునుకే. బయట కూలికి పోయే వీలు లేదు కాబట్టి, ఇంటింటి జొన్నలు తెచ్చుకొని విసిరి పెట్టేది. వాళ్లిచ్చే గింజలతోనే ఇద్దరి కడుపూ నిండాలి.

అత్త మీద ఆమెకు విసుగు రాలేదని కాదు. వచ్చేది. వచ్చిన వెంటనే, చంకనేసుకొని తెచ్చిన చెయ్యి ఇదే కదా అని గుర్తొచ్చి, పడిపోయిన ఆ కుడిచేతిని పట్టుకొని కూర్చునేది.

ఆ ఏడు చలి ముదిరాక గేరిలో పండుగ పాటల సాధన మొదలైంది. పొద్దు వాలుతుండగా, గేరిలో ప్రార్థనలు నడిపే ఉపదేశి సామ్యూల్ ఇంటి ముందు మంట వేసి డప్పులు కాచేవారు. ఆ చప్పుడు వినగానే ఎస్తేరమ్మ చేతిలో ఇసుర్రాయి ఆగిపోయేది. పిల్లలు పాట తప్పు ఎత్తుకుంటే ఇక్కడ ఆమె పెదవులు సరిచేసేవి. ఈసారి యోసేపు పండుగకు వస్తానన్నాడు. అతడు వస్తే తల్లి దగ్గర ఉంటాడు, తాను వనపర్తి పోయి రావచ్చు. అట్లా అనుకొని, విజయమ్మకు చెప్పాల్సిన మాటలను మనసులో ఒక్కొక్కటిగా పేర్చుకుంటూ ఉంది. అయిజకు ఇచ్చిన కూతురికి కొడుకు పుట్టిన మాట. తాను ఇంకా ఆ మనవణ్ణి చూడనే లేదన్న మాట. ఎవరితోనూ అనలేని మాటలు కూడా కొన్ని ఉన్నాయి.

డిండికి పోయివచ్చిన సామ్యూల్ ఒకనాడు గుమ్మం ముందు నిలబడ్డాడు.

“ఎస్తేరక్కా, బావ కలిసిండు. మేస్త్రీ సుట్టి ఇయ్యడంట. ఎండలు ముదిరిందాక ఎవర్నీ కదలనియ్యడంట. పైసలు పంపుత అన్నడు. అవ్వను పైలంగ జూసుకొమ్మన్నడు.”

“ఇంకేమన్నడు?”

“ఇంకేమనలే అక్కా. అవ్వను పైలంగ జూసుకొమ్మన్నడు, అంతే.”

నన్ను చూసుకొమ్మని ఎవరికి చెప్పాడు, అని అడగాలనిపించింది ఎస్తేరమ్మకు. సామ్యూల్‌ను అడిగి ఏం లాభం? తల ఊపి లోపలికి పోయింది. ఆ రోజు గట్కలో ఉప్పు వెయ్యడం మరిచిపోయింది. బాలమ్మ ఒక గుక్క మింగి కోడలి ముఖంలోకి చాలాసేపు చూసింది.

తరువాత రెండు రోజులకేమో, నడిపొద్దు దాటాక, అత్తకు ఒళ్లు తుడవడానికని ఎస్తేరమ్మ పొయ్యి మీద నీళ్లు పెట్టింది. పొయ్యిలో జొన్నచొప్ప ఎగదోసి, గుంజకు ఆనుకొని కూర్చుంది. కళ్లు మూసినట్టు కూడా ఆమెకు తెలియదు.

ఎవరో భుజాలు పట్టి కుదుపుతుంటే కళ్లు తెరిచింది. గుడిసె నిండా పొగ. పొయ్యి పక్కన పిడకల గంప సగం కాలి, మీద పోసిన నీళ్లకు బుసబుసమంటోంది. నులకమంచం ఖాళీగా ఉంది. బాలమ్మ నేల మీద బోర్లా పడి ఉంది. తనను కుదుపుతున్నది పక్కింటి భీమమ్మ.

“ఎస్తేరూ! పానముందా, పోయిందా?”

ఇద్దరూ కలిసి బాలమ్మను ఎత్తి మంచం మీద పండుకోబెట్టారు. మోచెయ్యి గీరుకుపోయి రక్తం కారుతోంది. ఎస్తేరమ్మ ఆ చెయ్యి పట్టుకొని ఏడుపందుకుంది.

“నన్ను పిల్వరాదా అత్తా! ఒక్కసారి పిల్వరాదా!”

“పిల్సింది బిడ్డా,” అంది భీమమ్మ. “నా ఇంట్లకు ఇనొచ్చింది. గొంతు పోయెటట్లు పిల్సింది. నీకే ఇనరాలే.”

ఆ మాటకు ఎస్తేరమ్మ ఏడుపు కూడా ఆగిపోయింది. ఇన్నాళ్లూ తన మీద తనకున్న నమ్మకం ఒక్కటే. అత్త పిలిస్తే తాను లేస్తుంది. ఎంత నిద్రలో ఉన్నా లేస్తుంది. అది కూడా పోయింది.

భీమమ్మ ఆ గడప తొక్కి ఏళ్లయింది. ఆమె గేరి మంత్రసాని. ఒకప్పుడు బాలమ్మా ఆమే ఒకే చాలులో కలుపు తీసినవాళ్లు, ఒకరి కాన్పుకు ఒకరు కూర్చున్నవాళ్లు. బాలమ్మ బాప్తిస్మం తీసుకున్నాక ఎల్లమ్మ పండుగకు పెట్టిన బువ్వను భీమమ్మ ఇంటికి తెచ్చిస్తే తినలేదు. “నీ చేతి కూడు ఇగ ముట్ట” అని గుమ్మంలోనే అనేసింది. ఆనాటి నుంచి గోడకు అటొకరూ ఇటొకరూ ఉండి కూడా మాటల్లేవు. ఈరోజు పొగ చూసి భీమమ్మ పరుగెత్తుకొచ్చింది. వచ్చాక మళ్లీ వెళ్లలేదు. మంచం పక్కన గొంతుకూర్చొని, గాయానికి పసుపు అద్దుతూ అంది.

“మీ సామ్యూల్ జట్టు వనపర్తికి పోతది గద. నువ్వు గూడ పో.”

“అత్తనిడిసిపెట్టి యాడికి పోత పెద్దమ్మా?”

“నేను కూసుంట. అది మీ పండుగ, నాకు పండుగ గాదు. ఆనాడు నాకేం పని?”

“అత్త నీ చేతి కూడు తినదు.”

“తినకపోతె ఒక పూట పస్తుంటది. దాని ఎంబడి నేను గూడ పస్తుంట. పస్తు మా ఇద్దరికీ కొత్తనా?”

“మొగుడు డిండిల, అత్త మంచంల ఉంటె ఇది పండుగకు ఉరికింది అంటరు పెద్దమ్మా.”

“అననీ. అనెటోల్లల్ల ఎవరన్న ఒక్క పూట వచ్చి ఈ మంచం కాడ కూసున్నరా?” భీమమ్మ గొంతు కాస్త పెరిగింది. “సూడు బిడ్డా, నాగలెద్దుకు గూడ మాపటికి కాడి దించుతరు. నీ కాడి దించెటోడు ఈ ఊర్ల లేడు. నువ్వే దించుకోవాలె. లేకుంటె ఒకనాడు ఈ గుడిసె గాలుతది, దాంట్ల ఇద్దరుంటరు.”

బాలమ్మ గోడవైపు ముఖం తిప్పుకుంది. ఎస్తేరమ్మ అప్పటికి ఔననలేదు. కానీ మర్నాడు విసురుతూ విసురుతూ ఆగి, కాలిన గంపవైపు చూసింది. సాయంత్రం సామ్యూల్ ఇంటికి పోయి, “నేను గూడ వస్త” అంది.

పండుగ ముందురోజు చీకటితోనే జట్టు బయలుదేరింది. ఎస్తేరమ్మ అత్త మంచం పక్కన వంగి చెప్పింది. “పోతున్న అత్తా. రేపు దీపాలు పెట్టే యాలకు వస్త. భీమమ్మ పెద్దమ్మ ఉంటది.” బాలమ్మ కళ్లు తెరవలేదు. మెలకువగానే ఉందని ఎస్తేరమ్మకు తెలుసు. గేరి చివరిదాకా పోయి ఒకసారి వెనక్కు వచ్చింది. గుమ్మంలో భీమమ్మ చెయ్యి ఊపి, “పోవే” అని గదమాయించింది.

దారిపొడుగునా జట్టు పాడుతూ నడిచింది. ఎస్తేరమ్మకు మాత్రం ప్రతి చప్పుడూ ‘ఎత్తే’ అన్నట్టే వినపడింది. బండి ఇరుసు కీచుమన్నా ఆగి వెనక్కి చూసింది. పొద్దెక్కి, రాళ్ల గుట్టలు దాటి, ఆముదపు చేలూ పల్లీ చేలూ దాటి పోతుంటే, మెల్లమెల్లగా ఆ పిలుపు వెనకబడింది. చేతులు ఊపుకుంటూ నడవడమనేది ఒకటుందని ఆమె మరిచేపోయింది. ఎత్తడానికి చేతుల్లో ఏమీ లేకపోతే ఎట్లా పెట్టుకోవాలో తెలియక, ఒకదాన్నొకటి పట్టుకొని నడిచింది.

వనపర్తి మిషన్ ఆవరణలో చెట్ల మధ్య రంగు కాగితాలూ మామిడాకులూ కట్టి ఉన్నాయి. గంగాళాల కింద అప్పటికే పొయ్యిలు తవ్వుతున్నారు. ఘణపూర్ డప్పు వినపడగానే ఒక మనిషి జనాన్ని తోసుకుంటూ పరుగెత్తుకొచ్చింది. విజయమ్మే. దగ్గరికొచ్చి, రెండు చేతుల్లో ఎస్తేరమ్మ ముఖం పట్టుకొని అక్కడే ఆగిపోయింది.

“ఏమైందే నీకు? గిట్ల సగమైపోయినవేందే ఎస్తేరూ?”

“అత్తకు పానం బాగలేదు విజ్జీ.”

“అత్తనడుగుతలేనే. నిన్నడుగుతున్న.”

విజయమ్మ ఆమెను అన్న ఇంటి వెనక్కి తీసుకుపోయింది. కాగులో నీళ్లు కాచి, రాతిబండ మీద కూర్చోబెట్టి తలంటింది. వీపు రుద్ది, చెంబుతో నీళ్లు పోస్తుంటే ఎస్తేరమ్మ మోకాళ్లలో ముఖం పెట్టుకొని ఏడ్చింది. మూడేళ్లుగా రోజూ ఒకరి ఒంటి మీద వేడినీళ్లు పోసిన మనిషి. తన ఒంటి మీద ఎవరైనా పోస్తే ఎట్లా ఉంటుందో ఆమెకు గుర్తు లేదు. విజయమ్మ నీళ్లు అయిపోయేదాకా పోస్తూనే ఉంది.

తల ఆరబెట్టుకుంటూ ఏసురత్నం ఇంటి వసారాలో, పండుగకు వచ్చేవాళ్ల కోసం పరిచిన గడ్డి మీద కూర్చున్నారు. బయట ఎండ వాలుతోంది. ఒక్కో ఊరి డప్పూ వచ్చి కలుస్తోంది.

“విజ్జీ, నీకు శాన జెప్పాలె,” అంది ఎస్తేరమ్మ. “ముందుగాల మనుమని ముచ్చట…”

“జెప్పు.”

“అయిజల… బిడ్డకు…” అని ఆగింది. మాట నోట్లోనే ఎక్కడో జారిపోయింది. “జర నడుము వాలుస్త. పాటలు షురు జేసేటప్పుడు లేపుతవు గద?”

“లేపుతలే. పండుకో.”

ఎస్తేరమ్మ గడ్డిలో ఒరిగింది.

మళ్లీ కళ్లు తెరిచేసరికి తడికె సందుల్లోంచి ఎండ చారలు చారలుగా ఆమె కాళ్ల మీద పడుతోంది. మీద ఎవరో గొంగడి కప్పారు. విజయమ్మ తలదగ్గరే కూర్చొని ఉంది, పక్కన మోదుగాకు విస్తరి బోర్లించి ఉంది. ఎస్తేరమ్మ గబగబా లేచి, కొప్పు ముడుచుకుంటూ అడిగింది.

“షురు అయినయా పాటలు?”

విజయమ్మ తడికెవైపు చూసింది. బయట డప్పులు లేవు. ఎద్దుల గంటలూ, మూటలు కట్టుకుంటున్నవాళ్ల పిలుపులూ వినపడుతున్నాయి. ఎస్తేరమ్మ లేచి తడికె తీసి చూసింది. పొద్దు నడినెత్తికి ఎక్కబోతోంది. గంగాళాలు తోమి బోర్లించారు. చెట్లకు కట్టిన రంగు కాగితాలను పిల్లలు పీక్కుంటున్నారు. దూరపు ఊళ్లవాళ్లు అప్పుడే దారి పట్టారు. రాత్రి పాటలూ, తెల్లవారుజాము ఆరాధనా, పండుగ విందూ అన్నీ అయిపోయాయి.

“లేపుమన్న గద!” గిర్రున తిరిగి అంది ఎస్తేరమ్మ. “మూడేండ్ల సంది ఈ ఒక్క పూట కోసం సూసిన్నే. లేపుత అంటివి గద!”

“ఎన్నిమార్లొచ్చిన్నో నాకే తెల్వదు,” అంది విజయమ్మ. “ఒకసారి భుజం మీద చెయ్యేసి ఊపిన గూడ. నువ్వు కండ్లు తెర్వకనే ‘వస్తున్న అత్తా’ అన్నవు. మొకమంత బుగులు. ఇగ నాకు లేప మనసు రాలే.”

ఎస్తేరమ్మ గడ్డి మీద కూలబడింది.

“మరి పాట? నువ్వన్న పాడినవా?”

“నువ్వు ఎత్తుకోంది నేనేం అందుకుంట? ఈడనే కూసున్న.”

“అంటే పండుగ నువ్వు గూడ జూడలే?”

“సూసిన. తడికెలకెల్లి డప్పు ఇనొచ్చింది. నీ గురక ఇనొచ్చింది.”

ఎస్తేరమ్మకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. విజయమ్మ భుజం మీద తల పెట్టి, ఏది ఎక్కడ ఆగి ఏది మొదలైందో తెలియకుండా ఊగిపోయింది. కాస్త తేరుకున్నాక ఆకలి తెలిసింది. విస్తరి తీస్తే కింద వరి అన్నం, మాంసం. చల్లబడినా ఆమె మెతుకు వదలకుండా తిన్నది. ఎవరి నోరూ తుడవకుండా, ఎవరి పిలుపూ వినకుండా, వేలికొసలు నాకుతూ తిన్నది. తింటుంటే ఒంట్లోకి ఏదో తిరిగి వస్తున్నట్టుంది. చేతులు తేలికగా ఉన్నాయి, కళ్లలో మంట లేదు. చెట్ల ఆకులు కూడా ఒక్కొక్కటిగా కనపడుతున్నాయి. ఇన్నాళ్లూ లోకమంతా పొగ లోంచి చూసినట్టు చూశానని అప్పుడు తెలిసింది.

చెయ్యి కడుక్కుంటుండగానే నాగర్‌కర్నూల్ వైపు పోయే బండివాడు కేకవేశాడు. విజయమ్మ పోవాల్సిన బండి అది. ఇద్దరూ బండి వెనక దారి చీలే చోటుదాకా నడిచారు. ఏడాది పొడుగునా, కాదు మూడేళ్లుగా దాచుకున్న మాటలన్నీ ఎస్తేరమ్మ నోటిదాకా వచ్చాయి. ఆ కాస్త దూరంలో ఏది చెప్పాలో, ఏది వదలాలో తెలియలేదు. చివరికి చెప్పింది ఒక్కటే.

“నాకు మనుమడు పుట్టిండే. ఇంక జూడలే.”

“ఎవరి పోలికనంట?”

“తెల్వదు.”

ఇద్దరూ నవ్వారు. విజయమ్మ బండి ఎక్కి, కాళ్లు వేలాడేసుకొని కూర్చొని, వంగి ఆమె చెయ్యి పట్టుకుంది.

“మల్ల గిట్ల మూడేండ్లు ఆగకు ఎస్తేరూ. నా కోసం రాకున్న ఆయె. వారానికొక్క పూటన్న ఎవరినన్న కూసోబెట్టి నువ్వు బయటికి రా. నువ్వు ఉంటెనే గద, యాడనన్న మల్ల కలుస్తం.”

బండి కదిలింది. చెయ్యి విడిపోయింది. గుట్ట మలుపు తిరిగేదాకా విజయమ్మ ముఖం ఇటే ఉంది. ఆ తరువాత దుమ్ము, దుమ్ము సర్దుకున్నాక ఖాళీ దారి. ఎస్తేరమ్మ అక్కడే నిలబడి ఉంటే సామ్యూల్ వచ్చి, “పోదమా అక్కా, పొద్దు గూకుతది” అన్నాడు.

గేరి చేరేసరికి దీపాలు పెడుతున్నారు. భీమమ్మ గుమ్మంలో కూర్చొని ఉంది. ఏమీ దాచలేదు ఆమె.

“నిన్నంత నోరు తెర్వలే. నేను గూడ తినలే. నీ పేరు పిల్సుకుంట ఏడ్సింది. పొద్దుగాల గంజి కాసి చెంబు పెదవులకు పెడితే తాగింది. బట్టలు మార్సిన. ఏడ్సింది గని బత్కింది, సూడు.”

ఎస్తేరమ్మ కాళ్లు కడుక్కొని లోపలికి పోయింది. బాలమ్మ గోడవైపు తిరిగి ఉంది. పిలిచినా తిరగలేదు. విజయమ్మ విడిగా మోదుగాకులో కట్టిచ్చిన పండుగ అన్నం ఎస్తేరమ్మ వెంట తెచ్చింది. మెత్తగా పిసికి నోటి దగ్గర పెడితే పెదవులు బిగబట్టింది. ఇంతకుముందైతే ఎస్తేరమ్మ కాళ్ల మీద పడేదే. ఇప్పుడు ముద్దను గిన్నెలో పెట్టి, మంచం పక్కన కూర్చుంది.

“కోపం జేసుకో అత్తా. చెయ్యాల్సినదే. నేను పొయ్యొచ్చిన. మల్ల గూడ పోత. పొయ్యి, మల్ల వస్త.”

గోడవైపు నుంచే బాలమ్మ గొంతులోంచి ఒక మాట వచ్చింది. “పాట?”

“వినలే అత్తా.”

బాలమ్మ మెల్లగా ముఖం ఇటు తిప్పింది.

“ఏం జూడలే, ఏం వినలే. పోంగనే పండుకున్న. పండుగంత నిద్రవోయిన. నవ్వుతవేమో నవ్వు.”

బాలమ్మ నవ్వలేదు. కోడలి కళ్లలోకి చూసింది. ఆ కళ్ల కింద నల్లగా ఉండేది కాస్త తగ్గిందో, లేక దీపం వెలుతురో. మంచి చేత్తో నులక పట్టుకొని, ఒళ్లంతా బిగబట్టి, అంగుళం అంగుళం గోడవైపు జరిగింది. మంచం అంచున ఒక మనిషి పట్టేంత చోటు ఏర్పడ్డాక, ఆ చోటును అరచేత్తో తట్టింది. ఎస్తేరమ్మ అక్కడ ఒరిగి, అత్త భుజానికి భుజం ఆనించి, గిన్నెలోని ముద్ద తీసి మళ్లీ నోటి దగ్గర పెట్టింది. ఈసారి బాలమ్మ నోరు తెరిచింది.

ఆ తరువాత ప్రతి సంతనాడూ నడిపొద్దుకు భీమమ్మ వచ్చేది. ముసలివాళ్లిద్దరికీ పాత స్నేహం తిరిగి వచ్చిందని చెప్పలేం. భీమమ్మ ఊరి ముచ్చట్లు తానొక్కతే చెప్పుకుపోయేది. బాలమ్మ గోడవైపు తిరిగి వినేది. ముచ్చటలో ఎక్కడైనా తప్పు దొర్లితే మాత్రం “కాదు” అని గొణిగేది. గంజి తాగేది.

ఎస్తేరమ్మ ఆ పూట వాగుకు పోయేది. మొదట్లో దొంగతనం చేస్తున్నట్టే ఉండేది. ఎవరైనా ఎదురొస్తే ఉతకడానికి బట్టలున్నాయని చూపించేది. రానురాను బట్టలు తీసుకుపోవడం మానేసింది. నీళ్లలో కాళ్లు పెట్టుకొని కూర్చునేది. కొన్నిసార్లు ఒడ్డున పడుకొని నిద్రపోయేది. ఇంటికి వచ్చాక అత్త పిలిస్తే ఒక్క పిలుపుకే లేవగలుగుతున్నానని ఆమెకు తెలుస్తూనే ఉంది. ఎండాకాలానికి యోసేపు వచ్చినప్పుడు, “సంతనాడు అవ్వ కాడ నువ్వు కూసో. భీమమ్మ పెద్దమ్మకు గూడ జర ఆరాం గావాలె” అంది. అతడు ఆశ్చర్యంగా చూసి, సరేనన్నాడు.

వాగు ఒడ్డు నుంచి చూస్తే తూర్పున నాగర్‌కర్నూల్ వైపు పోయే బండ్లదారి కనపడుతుంది. సంత ముగించుకొని ఆడవాళ్లు గంపలు నెత్తిన పెట్టుకొని ఆ దారినే పోతుంటారు. అందులో విజయమ్మ ఉండదని ఎస్తేరమ్మకు తెలుసు. అయినా ఒక్కొక్క ముఖమూ చూసేది. నడకలో ఏ కాస్త పోలిక కనపడినా లేచి నిలబడేది. దగ్గరికొచ్చాక ఎవరో. మళ్లీ కూర్చునేది. చివరి గంప కూడా గుట్ట మలుపు తిరిగి కనుమరుగయ్యాక, కొంగు దులుపుకొని, అత్తకు ఆకలయ్యే వేళైందని ఇంటిదారి పట్టేది.